బోనులో కారం

పర్చూరు,
మార్చి నెలాఖరు

ప్రియమైన అయూబ్ గారికి, మీ నజ్మీన్ సలాములు.

ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వుకుంటున్నారు కదూ. నవ్వండి. మన ఫోను సంగతి మీకు తెలియనిదా? మీరు చేయగానే మన పిల్ల నగ్మా స్పీకర్ నొక్కుతుంది. అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లంతా మాటలాపి చెవులు ఇటు పడేస్తారు. ఇక నేను 'తిన్నారా, పడుకున్నారా' తప్ప ఏం అడగను? అక్కడ చూస్తే మీ గదిలో మంచాల మీద మంచాలు వేసుకుని ఎనిమిది మందంటిరి. పెళ్లి ఖాయమయ్యాక మనం ఉత్తరాలే రాసుకున్నాం, బాగానే ఉండేవి. నతానియేలు అన్న ట్రక్ ఆటోలో వారం వారం గుంటూరు యార్డుకి మిర్చి వేస్తున్నాడు. అక్కణ్ణుంచి మంగళగిరి ఎంతసేపు, మీ గేటు దగ్గర ఇచ్చేసి వస్తానన్నాడు. మీరు కూడా రాసి ఉంచితే తెస్తాడట.

మీరు లేని ఇల్లు విచిత్రంగా ఉంది. సాయంత్రం అయితే చాలు, మీరు పార్శిళ్లు బండికి కట్టుకుని చీరాల కొరియర్ ఆఫీసుకి బయల్దేరే హడావుడి గుర్తొస్తోంది. వానొస్తే ఆలస్యం, టైరు పంచరైతే ఆలస్యం, ఆలస్యమైతే యాప్‌లో మన పేరు పక్కన స్టార్లు తగ్గడం. ఆ బాధ పడలేకేగా, సరుకంతా ఆ యాప్ గోదాము వాళ్లకి అప్పజెబుదామన్నారు. ఒకేసారి తీసుకెళ్లి వాళ్ల దగ్గర పెట్టేస్తే, ఆర్డరు వచ్చినప్పుడల్లా వాళ్లే తీసి, వాళ్లే ప్యాక్ చేసి, వాళ్లే పంపుతారు. మనం హాయిగా కారం కొట్టించుకుంటూ కూర్చోవచ్చన్నారు. ఆ హాయి ఎంతలా ఉందంటే, ప్యాకింగ్ బాధ తప్పిందని నేను సంబరపడేలోపే మీరు వెళ్లి అదే గోదాములో ప్యాకింగ్ ఉద్యోగంలో చేరారు. ఊళ్లో ఈ మాట చెబితే ఎవరూ నమ్మట్లేదు. సరుకు మీద కన్నేసి ఉంచడానికి చేరానని మీరు అంటే నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను, సగం.

మన ఎకరంలో కాసిన మిరపకాయ మొత్తం మేడ మీద ఎండింది. దంపుడు మిల్లులో కొట్టించి, జల్లించి, ప్యాకెట్లు కట్టేస్తున్నాం. నేను తూకం వేస్తాను, అత్తమ్మ సీలింగ్ మిషను దగ్గర కూర్చుంటుంది. ఆమెకి ఆ మిషను మీద మోజు పుట్టింది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. ఆవకాయల రోజులకి సరుకు మీ దగ్గరుండాలి కాబట్టి ఇంట్లో ఏమీ ఉంచకుండా అంతా పంపేస్తున్నాను. ఈ ఏడు మన బతుకంతా ఆ పెట్టెల్లోనే ఉంది, జాగ్రత్త.

మీ నజ్మీన్


మంగళగిరి,
ఏప్రిల్, మొదటి వారం

ప్రియమైన నజ్మూ,

నీ ఉత్తరం గేటు దగ్గర సెక్యూరిటీ వాడు వెలుతురుకెత్తి చూసి మరీ ఇచ్చాడు. భార్య రాసిందంటే వాడికి నమ్మకం కుదరలేదు. ఈ రోజుల్లో భార్యలు ఉత్తరాలు రాస్తారా అన్నాడు.

ఈ గోదాము ఎట్లా ఉంటుందో చెబుతాను విను. మన పర్చూరు యార్డు షెడ్లు ఓ పది పక్కపక్కన పెట్టి ఒకే కప్పు వేస్తే ఎంతుంటుందో అంత ఉంటుంది. కిటికీ ఒక్కటి లేదు. లోపల ఎప్పుడూ ఒకటే లైటు, బయట ఎండో వానో తెలియదు. చేతికి స్కానర్ కడతారు. ఏ ర్యాకుకి వెళ్లాలో అదే చెబుతుంది. వెళ్లి వస్తువు తీసి చూపించగానే ఇంకో ర్యాకు చెబుతుంది. ఆలస్యమైతే కీచుమంటుంది. నీళ్లు తాగడానికి ఆగినా కీచుమంటుంది. అమ్మ కూడా నన్ను ఇంత సాధించలేదు.

మన పెట్టెలు దిగాయి. అట్టల మీద నీ చేతిరాత చూసి నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. నిన్న స్కానర్ నన్ను సరాసరి మన ర్యాకుకే పంపింది. హైదరాబాదులో ఎవరో మన కారం అడిగారు. ప్యాకెట్ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, అంతే, కీచుమంది. అయినా ఆ ఒక్క క్షణం మన మేడ మీద కూర్చున్నట్టే అనిపించింది.

ఒక్క విషయం మాత్రం నువ్వు గుర్తుంచుకోవాలి. ఇక్కడ సరుకు పెట్టినవాళ్ల చుట్టాలెవరూ లోపల పని చేయకూడదని రూలు. చేరేటప్పుడు మేనేజరు శివరామకృష్ణ గారు నన్ను అడిగారు, నాకెవరూ లేరన్నాను. ఖాతా నీ పేరు మీద, నీ పుట్టింటి పేరుతో ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తెలిస్తే నా ఉద్యోగమూ పోతుంది, నీ ఖాతా కూడా మూసేస్తారు. నతానియేలు అన్నకి కూడా చెప్పు, గేటు దగ్గర నోరు జారొద్దని.

నగ్మాకి ముద్దులు. అమ్మని మందులు వేసుకోమను.

నీ అయూబ్


పర్చూరు,
ఏప్రిల్ నెలాఖరు

ప్రియమైన మీకు,

ఇక్కడ ఏదో తేడాగా ఉంది. మొదట్లో రోజూ ఫోను టింగుమనేది, ఎవరో ఒకరు కొనేవారు. ఇప్పుడు నాలుగు రోజులుగా చప్పుడు లేదు. యాప్ తెరిస్తే మన కారం పక్కన 'స్టాకు లేదు' అని చూపిస్తోంది. స్టాకు లేకపోవడమేంటి, పెట్టెలన్నీ మీ ర్యాకులోనే ఉంటే?

పోయినేడు మన దగ్గర కొన్నవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. మామిడికాయలు కొట్టించి పెట్టుకున్నాం, కారం ఎప్పుడు పంపుతావమ్మా అని ఒకావిడ నిష్ఠూరంగా అడిగింది. ఇంట్లో చూస్తే మేం వండుకోవడానికి ఉంచుకున్న డబ్బా తప్ప పిడికెడు కూడా లేదు. నా కారం నా దగ్గర లేదు, అమ్మేవాళ్ల దగ్గర ఉండీ లేదంటున్నారు. గోదాము వాళ్ల నంబరుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటూ తిప్పి తిప్పి చివరికి పెట్టేస్తున్నారు.

మీరు లోపలే ఉన్నారు కదా. ఏమైందో కాస్త చూడండి. ఆవకాయల రోజులు దాటిపోతే అంత కారం ఎవరు కొంటారు? మేడ మీద ఎండలో నగ్మా కూడా నాతోపాటు కూర్చుని తొడిమలు తీసింది. రంగు మారిందంటే ఆ తర్వాత ఊరికే ఇచ్చినా తీసుకోరు. నాకు అన్నం సయించట్లేదు.

మీ నజ్మీన్


మంగళగిరి,
మే

ప్రియమైన నజ్మూ,

మన సరుకు ఉంది. కానీ ర్యాకులో లేదు, బోనులో ఉంది.

గోదాము వెనకపక్క ఇనప జాలీతో ఒక గది కట్టారు. అనుమానం వచ్చిన సరుకంతా అందులో పెట్టి తాళం వేస్తారు. కాగితాల మీద దాన్ని హోల్డు అంటారు, మేమంతా జైలంటాం. పోయిన నెల కొత్తగా తూకం మిషను పెట్టారు, బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్టూ దాని మీదుగా వెళుతుంది. మన ప్యాకెట్లు రాసినదానికన్నా ఎక్కువ తూగాయట. అదీ అన్నీ ఒకలా లేవు, ఒకటి కొంచెం ఎక్కువ, ఒకటి ఇంకొంచెం ఎక్కువ. దాంతో మొత్తం ఎత్తి అందులో పడేశారు.

ఇక్కడ పంపే ఖర్చు బరువుని బట్టి ఉంటుంది. తక్కువ రాసి ఎక్కువ పంపితే వాళ్ల లెక్కలో అది దొంగతనం. శివరామకృష్ణ గారు జాలీ ముందు నిలబడి మన పెట్టెల్ని చూపించి, "ఎవరో గాని గట్టి కేటుగాళ్లు" అన్నారు. పక్కన నేనే ఉన్నాను. అవును సార్ అన్నాను. ఏం చేయను చెప్పు, కాదంటే ఎందుకు కాదో చెప్పాలి.

రోజుకి ఎన్నోసార్లు ఆ జాలీ పక్క నుంచి నడవాల్సి వస్తోంది. మన పెట్టెలు కనిపిస్తాయి, నీ రాత కూడా కనిపిస్తుంది. చెయ్యి పెడితే అందేంత దూరం. ముట్టుకోవడానికి లేదు.

విచారణ అయ్యేదాకా వెనక్కి కూడా ఇవ్వరు. జూన్ ఆఖరుకి తేలకపోతే మొత్తం పారబోస్తారు. పోయిన నెల ఎవరివో బెల్లం డబ్బాలు అట్లాగే చెత్త లారీలోకి ఎత్తాను, నా చేతుల్తోనే. నీ తూకం మిషను ఒకసారి చూపించు, అందులోనే తప్పుండాలి.

అయూబ్


పర్చూరు,
మే

ప్రియమైన మీకు,

తూకం మిషను బంగారం కొట్టుకి తీసుకెళ్లి చూపించాను. వెంట్రుకవాసి తేడా లేదన్నారు. పైగా నేను కారం కొట్టు పెట్టి బంగారంలా తూచుతున్నానని నవ్వారు.

తప్పు ఎక్కడుందో నిన్న దొరికింది. కూర్చుని చదవండి.

మిల్లాయన ఇంటికి నాలుగు ప్యాకెట్లు కావాలంటే అప్పు తెచ్చిన కాయలతో కొట్టించి, తూచి, అత్తమ్మ ముందు పెట్టి పొయ్యి మీది పాలు దించడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అత్తమ్మ పక్కనున్న గిన్నెలోంచి మూడు వేళ్లతో కారం తీసి, ప్యాకెట్‌లో వేసి, తట్టి, సీలు కొడుతోంది. ఒకదానికి చిటికెడు, ఒకదానికి కాస్త ఘనంగా. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏంటత్తమ్మా అది అంటే, నన్ను వింతగా చూసి, "కొసరు" అంది.

మీకు తెలుసుగా, సంతలో తట్టముందు కూర్చుని ఆమె కారం అమ్మిన రోజుల్లో త్రాసు సమానంగా నిలిచాక మరో పిడికెడు పైన వేసేది. కాగితంలో ప్యాకెట్టు కట్టినా, కవర్లో కట్టినా, యాప్‌లో అమ్మినా ఆమెకి అదే సంత. మొదటి ప్యాకెట్ నుంచి వేస్తూనే ఉందట. మనం బండి మీద పంపిన రోజుల్లో ఎవరూ తూచలేదు కాబట్టి బయటపడలేదు.

వేయొద్దత్తమ్మా, అది తప్పయి కూర్చుంది, సరుకంతా ఆపేశారు అని చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు. తక్కువేస్తే ఆపాలి గాని ఎక్కువేస్తే ఎందుకు ఆపుతారు అంది. కొనేవాళ్లు మన మొహం కూడా చూడరత్తమ్మా, కొసరు ఎవరికి అన్నాను.

"చూసి కొనేవాళ్లు అడిగి వేయించుకుంటారు. చూడకుండా కొనేవాళ్లకి మనమే వేయాలి" అంది.

ఇదండీ మీ గోదాము పట్టుకున్న దొంగతనం. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఇక మీరు ఎవరితోనైనా చెప్పండి, ఆ మేనేజరుతోనైనా సరే. వినగానే ఆయన కూడా నవ్వి వదిలేస్తాడు.

మీ నజ్మీన్


మంగళగిరి,
మే

నజ్మీన్,

చదివి అన్నాల హాలులో ఒక్కణ్ణే నవ్వాను. పక్కవాడు ఏంటని అడిగితే చెప్పలేక తల దించుకున్నాను.

నేను చెప్పలేను. నాకెలా తెలుసని అడుగుతారు. ఈ సరుకు ఎవరిదో నాకు తెలియనట్టే ఇన్నాళ్లు ఉన్నాను, ఇప్పుడు తెలుసంటే మొదటి నుంచీ అబద్ధమని తేలిపోతుంది. నువ్వే యాప్‌లో రాయి. ఇంగ్లీషులో రాయించు, మర్యాదగా రాయించు. కొసరు అనే మాట వాళ్లకి అర్థం కాదు, పొరపాటున ఎక్కువైందని రాయి.

రెండో మార్గం: ప్యాకెట్ మీద బరువు పెంచి రాస్తే సరిపోతుంది. అమ్మ వేసే కొసరు ఎంతో సగటు చూసుకుని ఆ బరువే ముద్రించు. ఇకమీదట ప్రతి ప్యాకెట్టూ ఒకే తూకం ఉండాలి. సీలింగ్ దగ్గర అమ్మని కూర్చోబెట్టవద్దు. ఇది గమనించగలవు.

ఈ వారం నాకు హోల్డు గది డ్యూటీ వేశారు. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. ఎవరి సరుకు ఎప్పుడు పారబోయాలో చూసుకోవడం నా పని.

ఇట్లు,
అయూబ్, షిఫ్ట్ బి


పర్చూరు,
జూన్ మొదట్లో

ప్రియమైన మీకు,

యాప్‌లో రాయించాను. ఒక్క నిమిషంలో జవాబొచ్చింది. మీ సమస్య పరిష్కరించబడినది, మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు అని. ఏం పరిష్కరించారో మళ్లీ అడిగితే మళ్లీ అదే వచ్చింది. మిషనుతో మిషను మాట్లాడుకున్నట్టుంది, మధ్యలో నేనెందుకో తెలియలేదు.

మీ రెండో మార్గం అత్తమ్మకి చెప్పాను. ప్యాకెట్ మీద బరువు పెంచి రాద్దాం, అప్పుడు మీరు వేసే కొసరు కూడా అందులోకే వస్తుంది అన్నాను. శ్రద్ధగా విన్నది. సరే రాయి, దానికి తగ్గ కొసరు నేను వేస్తాను అంది. ఎంత రాస్తే అంత మీద వేస్తుందట. కొసరుని తూకంలో కలిపేస్తే అది తూకమే అవుతుంది గాని కొసరు ఎట్లా అవుతుందని నన్నే అడిగింది. ఈ మనిషితో వాదించి గెలవడం మీ నాన్నగారి వల్లే కాలేదు, నా వల్ల ఏమవుతుంది?

నిన్న గోదాము నుంచి కబురొచ్చింది. అమ్మకందారు స్వయంగా వచ్చి తనిఖీలో పాల్గొనాలట, సోమవారం. ప్యాకెట్లు కట్టింది నేనూ అత్తమ్మా కాబట్టి ఇద్దరం వస్తున్నాం. ఆమెకి ఒకటే సంబరం. తనిఖీ సంగతి ఆమె చెవికి ఎక్కలేదు, మిమ్మల్ని చూడొచ్చని మాత్రమే ఎక్కింది. మార్చిలో వెళ్లినవారు, బక్రీదుకి కూడా రాలేదు. సేల్ రోజులు, సెలవివ్వలేదన్నారు.

ఇంకో మాట. మీ కిందటి ఉత్తరం చివర 'షిఫ్ట్ బి' అని రాశారు. 'గమనించగలవు' అని రాశారు. నేను మీ ఇంటిదాన్ని, నాకు నోటీసు అంటించక్కర్లేదు. మీరు బాగానే ఉన్నారా?

మీ నజ్మీన్


మంగళగిరి,
శుక్రవారం

నజ్మీన్,

వెంటనే రాసి నతానియేలు అన్న చేతికి ఇస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

సోమవారం హోల్డు గదిలో నేనే ఉంటాను. డ్యూటీ మార్చమని అడిగాను, మార్చలేదు. ప్యాకెట్లు విప్పి తూచి చూపించాల్సింది నేనే. మీరిద్దరూ నన్ను ఎరగనట్టు ఉండాలి. నన్ను చూసి నవ్వవద్దు. అమ్మకి ముందే గట్టిగా చెప్పు, పేరు పెట్టి పిలవకూడదు, ఒరేయ్ అనకూడదు, తిన్నావా అని అస్సలు అడగకూడదు. బాబూ అంటే చాలు. నేను అమ్మగారూ అంటాను. ఇంటి నుంచి నాకోసం ఏమీ తేవద్దు.

శివరామకృష్ణ గారు ఏం అడిగినా పొరపాటు అని ఒప్పుకోండి. ఆయన చెప్పినట్టు చేస్తామనండి. ఒక గంట ఓర్చుకుంటే సరుకు బయటపడుతుంది, నా ఉద్యోగం ఉంటుంది. చిన్న తేడా వచ్చిందంటే రెండూ పోతాయి.

నేను బాగానే ఉన్నాను.

అయూబ్


మంగళగిరి,
సోమవారం సాయంత్రం

నజ్మీన్,

అంతా సవ్యంగా జరిగింది. మీరిద్దరూ చాలా బాగా చేశారు. ఎవరికీ అనుమానం రాలేదు. నువ్వు కొంచెం ఎక్కువసేపు నన్ను చూశావు, అయినా ఫర్వాలేదు. అమ్మైతే నన్ను నిజంగానే ఎరగనట్టుంది, అంత బాగా చేస్తుందని నేను అనుకోలేదు.

ప్యాకెట్లన్నీ విప్పి, ఎక్కువున్నది తీసేసి, మళ్లీ సీలు కొట్టిస్తే వదిలేస్తామని శివరామకృష్ణ గారు రాసిచ్చారు కదా. ఆ ఖర్చు మన ఖాతాలో వేస్తారు. విప్పే పని రేపట్నుంచి నేనే చూసుకుంటాను. ఇక మీదట కారం బస్తాల్లో పంపించు, ప్యాకెట్లు కూడా ఇక్కడి మిషనే కడుతుంది. అమ్మకి ఇక పనే ఉండదు, విశ్రాంతి తీసుకోవచ్చు.

నా పని తీరు బాగుందని సార్ అన్నారు. వచ్చే నెల సూపర్‌వైజరుగా వేస్తారేమో.

అయూబ్


పర్చూరు,
బుధవారం

ప్రియమైన మీకు,

మీ చీటీ ఈ పొద్దున నతానియేలు అన్న తెచ్చాడు. మీరు అది రాసేటప్పటికి మీకు తెలియని సంగతి ఒకటుంది. ఇదివరకే మిమ్మల్ని ఆఫీసు గదిలోకి పిలిచి చెప్పి ఉంటారు. అయినా నా నోటితో చెప్పాలి.

సోమవారం మేము ఎట్లా వచ్చామో మీరు చూడలేదు కాబట్టి రాస్తున్నాను. అత్తమ్మ తెల్లవారకముందే లేచి తల దువ్వుకుని కూర్చుంది. దారి పొడుగునా నేను నేర్పిస్తూనే ఉన్నాను, కొడుకని తెలియకూడదత్తమ్మా, బాబూ అనాలి అని. బాబూ, బాబూ అని తనలో తనే అనుకుంటూ వచ్చింది. నాకోసం ఏమీ తేవద్దని మీరు రాశారు కదా, చేసి పెట్టుకున్న గారెలు ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

జాలీ తలుపు తీసింది మీరే. చిక్కిపోయారు. చేతికి ఆ స్కానర్, మెడలో ఆ కార్డు. మీరు మమ్మల్ని చూసిన చూపు అట్టపెట్టెల్ని చూసినట్టే ఉంది. బాగా నటిస్తున్నారని మొదట మనసులో మెచ్చుకున్నాను కూడా.

తర్వాత మేనేజరు గారు ఎందుకెక్కువ వేశారని అడగడం, అత్తమ్మ కొసరని చెప్పడం, ఆయన నవ్వడం అన్నీ మీ ముందే జరిగాయి. ఆయన మంచివాడే, నవ్వి, ఆ ఎక్కువున్నది తీసేస్తే సరిపోతుంది పెద్దమ్మా అన్నాడు. ఇచ్చిన కొసరు వెనక్కి తీసుకోనంది అత్తమ్మ. ఆమె మొండితనం నాకు తెలుసు, చెయ్యి పట్టుకుని నొక్కాను. అప్పుడు ఆయన మిమ్మల్ని చూసి, ఈమెకి అర్థమయ్యేట్టు నువ్వు చెప్పవయ్యా అన్నాడు.

మీరు ముందుకొచ్చారు. "అమ్మగారూ, ఇక్కడ అట్లా కుదరదండీ. ఎక్కువున్నా తప్పే" అన్నారు. అని ఊరుకున్నా బాగుండేది. ఒక ప్యాకెట్ కోసి, తూకం మీద పెట్టి, అంకె సరిగ్గా వచ్చేదాకా స్పూనుతో కారం తీసి పక్కనున్న చెత్తబుట్టలో వేశారు. ఆమె కళ్ల ముందే. ఒకసారి కాదు, మూడుసార్లు ముంచి తీసి వేశారు. మూడోసారి కొంచెం ఎక్కువ పోయినట్టుంది, తూకం తక్కువ చూపించింది. చిటికెడు మళ్లీ ప్యాకెట్‌లో వేసి సరిచేశారు. అప్పుడు మీ మొహంలో ఒక తృప్తి కనిపించింది. నేను చూశాను.

"సరే బాబూ" అంది అత్తమ్మ. అంతే.

బయటికొచ్చాక గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. ఆటో దగ్గరికి వెళదాం రండంటే లేవలేదు. బాగా చేశారత్తమ్మా, ఎవరికీ తెలియలేదు అన్నాను ఆమెని ఉత్సాహపరచడానికి. ఆ షెడ్డు గోడ వైపు చెయ్యి చూపించింది.

"నేను నటించానే. వాడు నటించలేదు" అంది.

అదేంటత్తమ్మా అంటే, ఆ పిల్లోడు నాకు తెలియడే, నా కొడుకు ఏడీ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెని ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. మావయ్య గారు పోయినప్పుడు కూడా నలుగురి మధ్య ఏడవలేదు. ఆ గేటు ముందు, సెక్యూరిటీ వాడు చూస్తుండగా ఏడ్చింది.

ఆమెకి నీళ్ల సీసా ఇచ్చి, కూర్చోమని చెప్పి, నేను తిరిగి లోపలికి వెళ్లాను. మీరు జాలీ గదిలో ఉన్నారు, మీకు కనిపించకుండా ఆఫీసు గదికి వెళ్లాను. శివరామకృష్ణ గారు ఇంకా ఏమైనా కావాలా అమ్మా అన్నాడు.

"ఆ హోల్డు గదిలో ఉన్నాయన నా భర్త అండీ. ఆ పెద్దామె కొడుకు" అన్నాను.

ఇక అయిపోయింది, కారమంతా చెత్త లారీ ఎక్కుతుందనే అనుకున్నాను. పారబోస్తే పారబోయనీ, మీరు మాత్రం ఆ జాలీ లోపల ఇంకొక్క రోజు ఉండకూడదు అనుకుని చెప్పాను. ఆయన కాసేపు నమ్మలేదు. తర్వాత కంప్యూటరులో వెతికి, మొహం గంభీరంగా పెట్టి చదివాడు. ఉద్యోగి బంధువని దాచిన అమ్మకందారు ఖాతా వెంటనే మూసేయబడుతుంది. వారి సరుకు ఏ గదిలో ఉన్నా, ఏ స్థితిలో ఉన్నా, వారం లోపు వారే తీసుకుపోవాలి. తీసుకుపోకపోతే గోదాముకి బాధ్యత లేదు.

ఇంకోసారి చదవండి సార్ అన్నాను. ఆయన నేను భయపడ్డాననుకుని నెమ్మదిగా చదివాడు. హోల్డులో ఉన్నది కూడానా అని అడిగాను. హోల్డులో ఉన్నా సరే అన్నాడు. విప్పక్కర్లేదా అని అడిగాను. మీ ఖాతానే లేదు, ఇక విప్పితే ఎవరికి, విప్పకపోతే ఎవరికి అన్నాడు.

మూడు నెలలుగా ఏ రూలుకి భయపడి మీరు నన్నూ అమ్మనీ ఎరగనట్టు బతికారో, మన కారం బయటికి రావడానికి దారి ఆ రూలులోనే ఉంది. అడిగితే మొదటి రోజే తెలిసేది. అడగడానికి మనకి నోరు రాలేదు.

మీరు కోప్పడతారని తెలుసు. సూపర్‌వైజరు ఉద్యోగం పోగొట్టానంటారు. అనండి, ఇంటికొచ్చి అనండి. ఇక యాప్‌లో నా పేరుతో ఎప్పటికీ అమ్మనివ్వరు. ఆవకాయల రోజులు అయిపోయాయి. కారం రంగు కాస్త తగ్గింది, ప్యాకెట్ కోసినప్పుడే చూశాను. రేపట్నుంచి ఎవరికి, ఎట్లా అమ్ముతామో నాకేమీ తెలియదు. ఫోన్ చేసిన పాతవాళ్ల నంబర్లు ఉన్నాయి, చీరాల వెళ్లే బండి ఉంది, అంతవరకే తెలుసు. భయంగానే ఉంది. కానీ సోమవారం మీ మొహం చూసినప్పుడు వేసినంత భయం లేదు.

ఈ ఉత్తరం రేపే మీకు అందుతుంది, శుక్రవారం పొద్దున నతానియేలు అన్న ట్రక్ ఆటో మీ గేటు దగ్గరకి వస్తుంది. నేను రావట్లేదు, నగ్మాకి జ్వరం. అత్తమ్మ వస్తోంది. వద్దన్నా వినలేదు, డ్రైవరు పక్క సీటు ఇప్పుడే ఖాయం చేసుకుంది. బాబూ అనాలా అని నిన్న నన్ను మళ్లీ అడిగింది. వేళాకోళానికి కాదండీ, నిజంగానే అడిగింది.

అందుకని మీకొక పని చెబుతున్నాను. ఆటో ఆగగానే పెట్టెల దగ్గరికి పరిగెత్తకండి. ముందు వెళ్లి 'అమ్మా' అని పిలవండి. అక్కడున్న వాళ్లందరికీ వినిపించేట్టు పిలవండి. ఆ తర్వాతే ఎక్కించండి.

మీ నజ్మీన్